పరుపుల సులోచన తెచ్చుకున్న ఉద్దెర

నారాయణగూడ కూరగాయల మార్కెట్టు పక్క గల్లీలోకి తిరిగినవాళ్ళు పరుపుల దుకాణానికి దారి అడగనక్కర్లేదు. గోడల మూలల్లో, కరెంటు తీగల మీద, ఇస్త్రీ బండి మీద దూదిపింజలు వాలి ఉంటాయి. అవి ఎక్కడ చిక్కబడితే అక్కడే దుకాణం. బోర్డు మీద బాలకిషన్ పేరుంటుంది గానీ లోపల కూర్చుని బేరం చేసేది ఆయన భార్య సులోచన. పెళ్ళయిన కొత్తలో చిక్కడపల్లి ఇంటి నుంచి మధ్యాహ్నం సద్ది పట్టుకొచ్చేది. ఒకనాడు మొగుడు తింటున్నంతసేపూ గల్లా దగ్గర కూర్చుంది, ఆ తర్వాత లేవలేదు. లేవకపోవడమే మంచిదయింది. బాలకిషన్ మంచివాడు. మంచివాడు గల్లా దగ్గర కూర్చుంటే ఏమవుతుందో వేరే చెప్పాలా? పరుపు కొన్నవాడు ఒక మెత్త, అదే దిండు, ఊరికే ఇమ్మంటే ఇచ్చేసేవాడు, రెండోది అడగలేదేమని బాధపడేవాడు.

ఆ దుకాణాన్ని బతికించింది అశోక్ నగర్. సర్కారు కొలువుల కోసం జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు అక్కడి హాస్టళ్ళలో మంచానికి మంచం ఆనించుకుని ఉంటారు. చదివేది పరుపు మీదే, తినేది పరుపు మీదే, ఫలితాలు చూసుకుని ఏడ్చేది కూడా పరుపు మీదే. ఏడాది తిరిగేసరికి ఎంత మంచి పరుపునైనా అప్పడం చేసి వదులుతారు. అందుకని హాస్టళ్ళవాళ్ళు ఏటా కొత్తవి కుట్టించేవారు, లేదంటే పాతవి విప్పించి, దూది ఏకించి మళ్ళీ కుట్టించేవారు. మక్తల్ దిక్కు నుంచి వచ్చిన ఈరన్న మిషన్ మీద దూది ఏకేవాడు. అతని భార్య తిమ్మమ్మ దబ్బనంతో కుట్లు వేసేది. ఆమె వేసిన కుట్టు విప్పాలంటే మళ్ళీ ఆమే రావాలి.

ఇక సరుకు వచ్చే పద్ధతి కూడా చెప్పాలి, కథంతా దాని మీదే నడుస్తుంది గనక. దూది బేగంబజార్‌లో మూల్‌చంద్ సేటు దగ్గర నుంచి వచ్చేది. బాలకిషన్ నాయన కాలం నుంచీ అంతే. దూది ముందు, పైసలు తర్వాత. కాగితం లేదు, సంతకం లేదు, జబాన్ ఒక్కటే, నోటిమాట. హాస్టల్‌వాడు ఇచ్చిన రోజు సేటుకు అందేవి. ఈ ఉద్దెరలో ఎవరూ రాసుకోని షరతు ఒకటుంది. సేటూ గిరాకీ ఒకరి మొహం ఒకరు చూడకూడదు. చూశారో, మధ్యలో ఉన్నవాడి పని అయిపోయినట్టే. సేటు నేరుగా అమ్ముకుంటాడు, గిరాకీ నేరుగా కొనుక్కుంటాడు. అందుకే బాలకిషన్ నాయన దూది గుమ్మరించగానే ఖాళీ సంచులు తిరగేయించేవాడట, వాటి మీది సేటు మార్కా ఎవరి కంటా పడకుండా. ఆ అలవాటు కొడుక్కీ వచ్చింది. ఒక్క సంచి తిరగేయకుండా కనపడినా ఆ పూట ఆయనకు అన్నం సహించదు.

ఆయనకు ఇంకో అలవాటు కూడా ఉంది, దాని ఖరీదు ఎక్కువ. సేటు దగ్గర తెచ్చింది వ్యాపారమట, బ్యాంకు దగ్గర తెచ్చింది అప్పట, తలవంపులట. దుకాణం పేరు మీద బ్యాంకులో ఓడీ ఉండేది. కావలసినప్పుడు వాడుకుని, చేతికి వచ్చినప్పుడు కట్టే ఏర్పాటు. 2020 ఫిబ్రవరిలో ఒక పెద్ద హాస్టల్ నుంచి రావలసిందంతా ఒకేసారి రావడంతో బాలకిషన్‌కు ఎక్కడలేని ఉత్సాహం పుట్టింది. మొత్తం కట్టేసి ఖాతా మూసేస్తానన్నాడు. సులోచన వద్దంది. వాడినా వాడకపోయినా తలుపు తెరిచి ఉండనీయమంది. బ్యాంకు మేనేజరు కూడా అదే మాట చెప్పాడు. వింటేనా? కట్టేశాడు, బ్యాంకులో కనపడ్డవాళ్ళందరికీ మిఠాయి పంచాడు, తానిక ఎవరికీ బాకీ లేనని చిక్కడపల్లి దాకా చెప్పుకుంటూ ఇంటికొచ్చాడు.

నెల తిరిగిందో లేదో లాక్‌డౌన్ వచ్చిపడింది. అశోక్ నగర్ ఖాళీ అయింది. పిల్లలు పెట్టెలు సర్దుకుని ఊళ్ళకు పోయారు, హాస్టళ్ళకు తాళాలు పడ్డాయి, పరుపులు లోపలే ఉండిపోయాయి. ఈరన్న, తిమ్మమ్మ కూడా ఊరికి వెళ్ళిపోయారు. వెళ్ళేముందు ఈరన్న మిషన్‌కు నూనె పెట్టి, గుడ్డ కప్పి, మళ్ళీ వచ్చేదాకా ఎవరినీ ముట్టనీయొద్దని సులోచనకు చెప్పాడు. ముట్టడానికి ఎవరున్నారు గనక. కొన్నాళ్ళకు చిన్న వ్యాపారులకు సర్కారు పూచీ మీద బ్యాంకులు కొత్త అప్పులిస్తాయన్న వార్త వచ్చింది. సులోచన మాస్కు కట్టుకుని మొగుణ్ణి వెంటబెట్టుకుని బ్యాంకుకు వెళ్ళింది.

మేనేజరు మర్యాదగానే చెప్పాడు. ఫిబ్రవరి నెలాఖరుకు ఎవరికి ఎంత బాకీ ఉందో, అందులో ఐదో వంతు కొత్తగా ఇవ్వమన్నారు. బాలకిషన్ గారి బాకీ సున్నా. సున్నాలో ఐదో వంతు కూడా సున్నాయే. అదే గల్లీలో ఇనప మంచాలు అమ్మే ఆయన ఏనాడూ సమయానికి బాకీ కట్టిన పాపాన పోలేదు, ఆయనకు మాత్రం అడగ్గానే వచ్చింది. ఇంటికి నడిచి వస్తున్నంతసేపూ బాలకిషన్ తల ఎత్తలేదు. సులోచనకు ఒళ్ళు మండిపోయింది. తిడదామని నోటిదాకా వచ్చింది. ఆయన మొహం చూసి మింగేసింది, అయినా ఆ కోపం చాలా రోజులు అరగలేదు.

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. వాళ్ళది కొండ కూడా కాదు, చిన్న గుట్ట. దుకాణంలో మిగిలిన చారల గుడ్డతో సులోచన మెత్తల గలీబులు కుట్టి సుల్తాన్ బజార్ దుకాణాలకు వేసింది. అలా ఇల్లు గడిచింది గానీ, సరుకు తేవడానికి దాచిన పెట్టుబడంతా బియ్యానికీ దుకాణం కిరాయికీ పోయింది. రెండేళ్ళు అట్లాగే ఈడ్చింది. దుకాణం మాత్రం వదలలేదు. ఖాళీ చేసి తాళం చెవులు ఇచ్చేయమని బంధువులు చెబితే, చెప్పినవాళ్ళకు చాయ్ పోసి పంపింది.

2022లో నోటిఫికేషన్లు మొదలయ్యాయి. అశోక్ నగర్ మళ్ళీ నిండింది, మొదటి పరీక్ష గట్టెక్కినవాళ్ళు రెండోదానికి చదవాలని చలికాలానికి ఇంకా ఎగబడ్డారు. అప్పుడు రాఘవేందర్ ఫోన్ చేశాడు. అతను హాస్టళ్ళు నడిపేవాడు, పాత గిరాకీ. ఇంకో నాలుగంతస్తుల బిల్డింగ్ కిరాయికి తీసుకున్నాడు, నూట ఇరవై పరుపులు కావాలి, నెలలోపల. ఫోమ్ పరుపుల కంపెనీవాళ్ళు వాయిదాల మీద ఇస్తామని తిరుగుతున్నారట. పై అంతస్తులో ఎండాకాలం ఫోమ్ మీద పడుకుంటే వీపులు ఉడికిపోతాయి గనక తనకు దూదే కావాలట. కానీ చేతిలో ఉన్నదంతా బిల్డింగ్ అడ్వాన్సుకు పోయింది, కాస్త బయానా మాత్రం ఇవ్వగలడు. మిగతాది పిల్లలు ఫీజులు కట్టేకొద్దీ ఇస్తాడు. తప్పకుండా కుట్టిస్తానని సులోచన ఫోన్ పెట్టేసింది. పెట్టేశాక గానీ దూది ఎక్కడిదన్న ఆలోచన రాలేదు.

మర్నాడు బేగంబజార్ వెళ్ళి సేటు కొట్టు మెట్లెక్కింది. మూల్‌చంద్ సేటు చాయ్ తెప్పించాడు, బాలకిషన్ ఎట్లా ఉన్నాడని అడిగాడు, దూది మాట ఎత్తగానే కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. కరోనాలో తన దగ్గర ఉద్దెర తీసుకున్నవాళ్ళు కొందరు పోయారు, కొందరు పారిపోయారు, మిగతావాళ్ళు ఫోన్ ఎత్తరు. పత్తి ధర ఎన్నడూ లేనంత పైకి పోయింది, దిగాక కూడా పాత ధరకు రాలేదు. మిల్లువాళ్ళు తనకే ముందు డబ్బు కట్టమంటున్నారు. ఇవన్నీ ఆయన తాపీగా చెప్పాడు.

"మీ మామగారి జబాన్ మీద మా నాయన దూది ఇచ్చిండు, బాలకిషన్ జబాన్ మీద నేనిచ్చిన. గిప్పుడు జబాన్ మీద నాకే ఎవ్వరిస్తలేరు సులోచనమ్మా. నగద్ తెస్తే ఇప్పుడే ఆటో ఎక్కిస్త."

ఆర్డరుంది, మిషనుంది, కుట్టే చేతులున్నాయి. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు తయారైంది పని. ఈ ఆర్డరు పోతే రాఘవేందర్ ఫోమ్‌కు పోతాడు, అతన్ని చూసి మిగతా హాస్టళ్ళు పోతాయి, అప్పుడు దుకాణం మూయడం తప్ప చేసేదేమీ ఉండదు. ఇదంతా ఆమెకు సేటు గద్దె ముందు కూర్చుని ఉండగానే తెలిసింది. సేటుకు తన మీద నమ్మకం లేక కాదు, డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో కనపడక భయం. కనపడితే?

తనను కాకుండా గిరాకీనే చూసి ఇస్తారా, డబ్బు అతని చేతి నుంచి నేరుగా మీ చేతికే వచ్చేటట్టు చేస్తాను అంది. సేటు కళ్ళజోడు పెట్టుకుని ఆమె వంక చూశాడు. ఆ గద్దె మీద కూర్చున్నప్పటి నుంచీ ఏ వ్యాపారీ తనంతట తాను గిరాకీని చూపిస్తాననలేదు. ఆదివారం వస్తానన్నాడు.

ఇంట్లో ఆ మాట చెబితే బాలకిషన్ తింటున్న ముద్ద వదిలేశాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో సులోచన మీద ఆయన గొంతు పెంచింది తక్కువ, ఆ రోజు పెంచాడు. నాయన సంచులు తిరగేసింది ఇందుకేనా అన్నాడు. పిల్లిని చంకలో పెట్టుకుని పెళ్ళికి పోయినట్టు సేటును హాస్టల్‌కు తీసుకుపోతావా అన్నాడు. రేపు సేటు తానే పరుపులు కుట్టించి అమ్మితే రాఘవేందర్ మన గల్లీ వంక చూస్తాడా అన్నాడు. అందులో ఒక్క మాట కూడా తప్పు కాదని సులోచనకు తెలుసు.

"గిరాకీ పోతదని భయమే, నాకు లేదా? కానీ దుకాణమే పోయినంక ఎవ్వల కోసం దాస్తరు ఆ గిరాకీని?"

బాలకిషన్ పళ్ళెం పక్కకు జరిపాడు. చేయి కడుక్కుని వెళ్ళి ముందు గదిలో పడుకున్నాడు.

ఆదివారం సేటు ఆటోలో వచ్చాడు. రాఘవేందర్ ఆయన్ను చూసి ముందు ఇన్‌కంటాక్స్ మనిషేమో అనుకున్నాడు. సేటు మోకాళ్ళు పట్టుకుంటూ నాలుగంతస్తులూ ఎక్కాడు. మంచాలు చూశాడు, వంటగదిలో గిన్నెల సైజు చూశాడు, బుక్ చేసుకున్న పిల్లలు అడ్వాన్సులు ఎంతెంత కట్టారో అడిగాడు, ఇద్దరు పిల్లల్ని ఆపి ఎన్నాళ్ళుంటారో కనుక్కున్నాడు. తర్వాత కింద ఆఫీసు గదిలో ముగ్గురూ కూర్చుని మాట్లాడుకున్నారు. దూదీ గుడ్డా సేటువి. రాఘవేందర్ మూడు విడతల్లో నేరుగా సేటుకే కడతాడు. చివరి విడతలో సులోచన కూలీ, కొద్ది లాభం ఉంటాయి, సేటు అందులోంచి ఆమెకిస్తాడు. పైసల మాటలో సులోచన ఎక్కడా లేదు, అందుకే బాకీ కూడా ఆమె మీద లేదు. సేటే ఒక కాగితం మీద రాయించి, రాఘవేందర్ చేత సంతకం పెట్టించి తానూ పెట్టాడు.

అంతా అయ్యాక రాఘవేందర్‌కు ఒక అనుమానం వచ్చింది. పైసలు సేటుకిస్తున్నాను, దూది సేటుది, మరి పరుపు ఉండలు కడితే, కుట్టు ఊడితే ఎవరిని అడగాలి? సేటు ఫ్యాను వంక చూశాడు. రాఘవేందర్ సేటు వంక చూశాడు.

"నన్నడుగు తమ్మీ," అంది సులోచన. "దూది ఎవ్వరిదైనా, పైసలు ఎవ్వరికి పోయినా, పరుపు మాత్రం నాది."

బయానా డబ్బుతో ఆమె మొదట చేసిన పని ఈరన్నను వెతకడం. మొగుడూ పెళ్ళాలు ఊరి నుంచి తిరిగొచ్చి బాగ్ లింగంపల్లి వెనక బస్తీలో ఉంటూ అపార్ట్‌మెంట్ కట్టే పనికి పోతున్నారు. ఇటుకల పనిలో రోజుకూలీ చేతిలో పడుతుంది, దుకాణంలో పడుతుందని నమ్మకమేమిటని తిమ్మమ్మ మొహం మీదే అడిగింది. వారం వారం ఇస్తానని సులోచన మొదటి వారం కూలీ అక్కడే చేతిలో పెట్టింది. మర్నాడు ఈరన్న మిషన్ మీది గుడ్డ తీసి, ఎవరూ ముట్టలేదు కదా అని చుట్టూ తిరిగి చూసుకుని, బెల్టు బిగించాడు. రెండున్నరేళ్ళ తర్వాత గల్లీలో మళ్ళీ దూది లేచింది. ఇస్త్రీ బండి ఆయన తిట్టుకున్నాడు, సులోచనకు ఆ తిట్లు కూడా మంగళవాద్యాల్లాగే వినపడ్డాయి. బాలకిషన్ అలిగి వారం రోజులు దుకాణం మొహం చూడలేదు గానీ, ఎనిమిదో రోజు వచ్చి ఓ మూల కూర్చుని ఖాళీ సంచులు తిరగేయడం మొదలుపెట్టాడు. ఎవరికి కనపడకూడదనో ఆయనకే తెలియాలి. సులోచన చూసీ చూడనట్టు ఊరుకుంది.

చెప్పిన గడువులో నూట ఇరవై పరుపులూ హాస్టల్ చేరాయి. మొదటి విడత సేటుకు అందింది, రెండోదీ అందింది. అంతా సవ్యంగా నడుస్తోందనుకుంటున్నప్పుడు రాఘవేందర్ ఒకనాడు దుకాణానికి వచ్చి, చెప్పకుండా ఉండలేక చెప్పాడు. సేటు ఫోన్ చేశాడట. వచ్చే ఏడాదికి ఎక్కడో మిషన్ మీద కుట్టించి, ఇంతకన్నా తక్కువకే నేరుగా ఇస్తానన్నాడట. రాఘవేందర్ అటూ ఇటూ కాకుండా చూద్దామన్నాడట.

బాలకిషన్ లేచి వెళ్ళి ఖాళీ సంచులు తిరగేయసాగాడు. నోరు తెరిచి నాలుగు మాటలన్నా సులోచనకు తేలికగా ఉండేది. ఆ రోజంతా ఆమె చేతికి పని అంటలేదు. మెట్లెక్కించి గిరాకీని చూపించిన కాళ్ళు తనవే గదా అని తన్ను తానే తిట్టుకుంది. సేటు మీద ఎంత కోపమొచ్చిందంటే, ఆయన తెప్పించిన చాయ్ తాను తాగినందుకు కూడా కోపమొచ్చింది.

ఆ కోపం తీరేరోజు తొందరగానే వచ్చింది. ఎండలు ముదురుతుండగా, రాసిన మొదటి పరీక్షే రద్దయిందన్న వార్త అశోక్ నగర్ మీద పిడుగులా పడింది. మళ్ళీ ఎప్పుడు పెడతారో తెలియదు. ఉన్న డబ్బులు అయిపోయిన పిల్లలు పెట్టెలు సర్దుకున్నారు. రాఘవేందర్ హాస్టల్లో పై రెండంతస్తులూ ఖాళీ అయ్యాయి, మూడో విడత ఆగిపోయింది. సేటు ఫోన్ చేస్తే రాఘవేందర్ ఎత్తలేదు. రెండు వారాలు చూసి సేటు తానే నారాయణగూడకు వచ్చాడు. దుకాణం ముందు నిలబడి మూడో విడత డబ్బు సంగతి అడగలేక అడిగాడు. బాలకిషన్ ఆయనకు కుర్చీ వేశాడు, నీళ్ళిచ్చాడు, ఆ తర్వాత చాలా మర్యాదగా కాగితం గుర్తు చేశాడు. సంతకాలు మీ ఇద్దరివి సేటూ, మాకేమి సంబంధం అన్నాడు. పుట్టిన తర్వాత ఆయన అంత కటువుగా మాట్లాడింది అదే మొదలు. సేటు తల ఊపి, నీళ్ళు తాగి వెళ్ళిపోయాడు.

సులోచనకు సంతోషమైంది. అబద్ధమెందుకు, చాలా సంతోషమైంది. తన కూలీ కూడా ఆ మూడో విడతలోనే చిక్కుకుందని తెలిసి కూడా అయింది. కానీ ఆ సంతోషం రోటీలు కాల్చినంతసేపు కూడా నిలవలేదు. నూట ఇరవై పరుపులకు దూది ఇచ్చి చేతులు కాల్చుకున్న సేటు ఇక ఎవరికైనా ఉద్దెర ఇస్తాడా? మళ్ళీ నోటిఫికేషన్ వస్తుంది, మళ్ళీ ఎవడో ఆర్డరిస్తాడు. అప్పుడు ఏ మొహంతో సేటు మెట్లెక్కాలి? బ్యాంకు తలుపు మొగుడు మూసివచ్చాడు, సేటు తలుపు తానే మూస్తుందా? కాగితం మీద తన పేరు లేదు నిజమే. లేదని తప్పుకుంటే ఇక ఏ కాగితం మీదా ఉండదు.

మర్నాడే రాఘవేందర్ దగ్గరికి వెళ్ళింది. డబ్బు అడుగుతుందనుకుని అతను ముఖం చాటేయబోయాడు. పైసలు కాదు, పైన ఖాళీ మంచాల మీది పరుపులు ఇవ్వమంది. వాటి విలువ నేను సేటుకు కడతాను, నీ బాకీ అంత తగ్గుతుంది, మిగిలింది మెల్లగా కడుదువు గానీ అంది. ఖాళీ గదుల్లో దుమ్ముపట్టేదానికి అంత విలువ కడుతుంటే అతనికి ప్రాణం లేచొచ్చింది. తానే దగ్గరుండి వ్యాన్ ఎక్కించాడు.

వాడిన పరుపులు ఎవరు కొంటారని బాలకిషన్ అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. ఆ జవాబు సులోచనకు కొలువుల పిల్లలు చదువుకునే చిక్కడపల్లి లైబ్రరీ దగ్గర దొరికింది. హాస్టల్ నుంచి చిక్కడపల్లికి నడిచి వస్తూ లైబ్రరీ ఆవరణలోకి తొంగిచూసింది. ఊరికి పోని పిల్లలంతా అక్కడే ఉన్నారు. హాస్టల్ మానుకుని, నలుగురు కలిసి ఓ చిన్న గది తీసుకుని, పొద్దుటి నుంచి చీకటిపడే దాకా కుర్చీల్లో పాతుకుపోయినవాళ్ళు. ఒకడు కింద దుప్పటి మడిచి వేసుకున్నాడు, ఒకడు తువ్వాలు. ఒకమ్మాయి తన చున్నీని నాలుగు మడతలు పెట్టి, దాని మీద కూర్చోలేక లేవలేక, ఒక పక్కకు ఒరిగి చదువుతోంది. పరీక్షలు రద్దవుతాయి గానీ కుర్చీలు రద్దు కావు కదా అనుకుంది సులోచన.

పరుపులన్నీ విప్పించింది. గుడ్డ ఉతికించి, దూదిని మేడ మీద ఎండబెట్టి, ఈరన్నతో మళ్ళీ ఏకించింది. తిమ్మమ్మకు కుర్చీ కొలత ఇచ్చి, నాలుగు మూలలా నాడాలుండే మెత్తలు కుట్టమంది. దబ్బనంతో ఇంత చిన్నవి కుట్టడం గున్నేనుగుకు గాజులు తొడిగినట్టుందని తిమ్మమ్మ నవ్వింది, నవ్వుతూనే అందరికన్నా వేగంగా కుట్టింది. మొదటి బండెడు మెత్తలు తీసుకుని సులోచన లైబ్రరీ దారిలో, పుస్తకాల బండ్ల పక్కన నిలబడింది. దుకాణమున్నవాళ్ళు ఫుట్‌పాత్ మీద అమ్మడమా అని బాలకిషన్‌కు సిగ్గేసింది. ఓ గంట దూరంగా నిలబడి చూశాడు. తర్వాత ఎవడో పిల్లవాడు ధర ఎక్కువని వెళ్ళిపోబోతే ఆగలేక పిలిచి, ఎన్నోసారి రాస్తున్నావు బిడ్డా అని అడిగాడు. అంతే. ఇక ఆ చోటు నుంచి ఆయన్ను లేపడం ఎవరి తరమూ కాలేదు. ప్రతి పిల్లవాడి కథా విన్నాడు, వినిపించుకున్న ప్రతివాడూ మెత్త కొన్నాడు, కొని పోయి ఇంకొకణ్ణి పంపాడు. ఇన్నేళ్ళూ గల్లా దగ్గర నష్టం తెచ్చిన మంచితనం ఫుట్‌పాత్ మీద లాభం తెచ్చింది. ఊరికే ఇచ్చినవి లేకపోలేదు. చున్నీ మడిచి కూర్చున్న అమ్మాయికి ఇచ్చింది మాత్రం సులోచనే.

వానలు పడేదాకా ఆ పని సాగింది. వచ్చినదాంట్లో ఈరన్న, తిమ్మమ్మల కూలీ వారం వారం పోయింది, ఇంటి ఖర్చు కాస్త పోయింది, మిగిలిందంతా సులోచన విడిగా పెట్టింది. రాఘవేందర్ కట్టవలసింది కూడా వెంటపడి వసూలు చేసింది. సేటుకు రావలసినంతా పోగైన రోజున బేగంబజార్ వెళ్ళింది. బాలకిషన్ వెంట వస్తానన్నాడు. వద్దంది. ఈ మెట్లు తానొక్కతే ఎక్కాలనుకుంది.

సేటు డబ్బు చూసి, అది రాఘవేందర్ పంపిందనుకున్నాడు. అందులో చాలామటుకు మెత్తలు అమ్మి ఆమె కూడబెట్టిందని తెలిశాక కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ కాగితం ప్రకారం ఇది మీరు కట్టనక్కర్లేదు కదా అన్నాడు. సులోచన ఆయన కళ్ళలోకి సూటిగా చూసింది. ఫోన్ చేసి గిరాకీని గుంజుకోబోయిన సంగతి తనకు తెలుసని చెప్పింది. గొంతు పెంచలేదు, చెప్పాలనుకున్నది మాత్రం మిగల్చకుండా చెప్పింది.

"నేను మీకు గిరాకీని చూపించిన. మీరు నాకేం చూపించిన్రో మీకే ఎరుక. గా కాగితంల నా పేరు లేకపోవచ్చు సేటూ, దూది మాత్రం నా మాట మీదనే మెట్లు దిగింది. మాట నాదైనంక బాకీ గూడ నాదే."

సేటు తల దించుకున్నాడు. డబ్బులోంచి ఆమె కూలీ, లాభం లెక్కగట్టి తీసి ఆమె ముందు పెట్టాడు. పెట్టి, ఆ చేతిని వెంటనే వెనక్కి తీసుకోలేకపోయాడు. పెద్దవాడు, తన తండ్రి వయసువాడు, సిగ్గుపడుతుంటే చూడటం సులోచనకు కష్టమనిపించింది. డబ్బు కొంగున కట్టుకుని లేచింది. ఆమె మెట్ల దాకా వెళ్ళాక ఆయన వెనక నుంచి పిలిచాడు.

"సులోచనమ్మా, ఆర్డరొచ్చినప్పుడు రాండ్రి. ఎంత దూది కావాల్నో చెప్పుండ్రి, చాలు. గిరాకీని మాత్రం ఎంబడి తోల్కరావొద్దు."

సులోచన సరేనన్నట్టు తలూపి మెట్లు దిగింది. సందు మలుపు తిరిగాక ఏడుపొచ్చింది. బస్తాలు మోసేవాళ్ళు ఆగి చూస్తున్నా ఆపుకోలేదు. ఏడ్చినంతసేపు ఏడ్చి, కొంగుతో మొహం తుడుచుకుని, సుల్తాన్ బజార్ మెట్రో వైపు నడిచింది.